గోరీ అనే మాట, ఒక పాత శ్మశానం

ఈ వారం నా కొత్త మాట "గోరీ". మా రాయచోటి అమ్మమ్మ సమాధిని అలాగే అంటుంది. ఇది పారసీ మాట "గోర్" నుంచి వచ్చింది. ఇక్కడ కువైట్‌లో శ్మశానాన్ని "మక్బరా" అంటారు.

నగరం మధ్యలో, ఎత్తైన భవనాల నడుమ, హిలాల్ మక్బరా ఉంది. 1920లో కట్టిన ఊరి గోడను 1957లో కూల్చేశారు, గుమ్మాలే ఉంచారు. పాత మట్టి ఇళ్ళు చాలావరకు పోయాయి. చమురుకు ముందు ముత్యాల మీద, పడవల మీద బతికిన ఊరు అది. ఆ ఊరి మామూలు మనుషులు ఇంకా ఉన్న చోటు ఇలాంటి శ్మశానమే.

"ఖాళీ స్థలమేగా, పార్కింగ్‌కి ఇస్తే పోలా?" అన్నాడు నా స్నేహితుడు. నేను ఒప్పుకోను. మ్యూజియంలో వస్తువులను ఎవరో ఏరి పెడతారు. ఇక్కడ ఎవరూ ఏరలేదు.

మనవాళ్ళు చాలామంది ఇక్కడ చనిపోతే పెట్టెలో విమానం ఎక్కి ఊరికి వెళ్తారు. ముప్పై ఏళ్ళు కష్టపడినా ఇక్కడ ఒక్క రాయి మిగలదు. ఆ లోటు మనకు తెలుసు కాబట్టి, ఉన్న గోరీలను కాపాడాలని మనమూ అనాలి.

మీ ఇంట్లో సమాధిని ఏమంటారు? పెద్దవాళ్ళను అడిగి రాయండి. నా తప్పులు కూడా దిద్దండి.