చివరి మడికి నీళ్లు



నిరుడు మన సంఘంలో ఒక బిడ్డ ఇంటర్ పాసైంది. తల్లి ప్రార్థన చేయించుకోవడానికి వచ్చింది. బిడ్డకు మంచి సంబంధం కుదరాలని మేము ప్రార్థించాము. డిగ్రీ సంగతి ఒక్క మాట అడగలేదు. ఇంటర్‌నెట్ సెంటర్‌లో ఎవరో తోచిన ఆప్షన్లు పెడితే ఎక్కడో దూరాన సీటు వచ్చిందనీ, పోలేక ఇంట్లోనే ఉండిపోయిందనీ తర్వాత తెలిసింది. ఆ రోజు చేసిన ప్రార్థన గుర్తొస్తే మాకు సిగ్గు వేస్తుంది.

కాలేజీలు లేక కాదు. ఒకప్పుడు మన డిగ్రీ కాలేజీలు హైదరాబాదులోని ఉస్మానియా కింద ఉండేవి. 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. దాని సౌత్ క్యాంపస్ మన భిక్కనూరులోనే ఉంది. కామారెడ్డి, బాన్సువాడ, మెదక్‌లలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. 2016 నుండి సీట్లు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. 2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు.

అయినా పోచారం ప్రాజెక్టు కింద బ్రతికేవాళ్లం, మనకు తెలియనిదేముంది? చెరువు అలుగు పారినా, కాలువ పూడిపోతే చివరి మడి ఎండిపోతుంది. టికెట్ ఉచితమే గాని, క్లాసు వేళకు బస్సు ఉండాలి. దోస్త్‌లో సీటుందిగాని, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉండాలి, ఏ కాలేజీ ముందు పెట్టాలో చెప్పే మనిషి ఉండాలి. పూడిక ఉన్నది ఈ చివరి గజాల్లోనే.

దానియేలును, అతని స్నేహితులను బబులోనులో మూడు సంవత్సరాలు చదివించారు. మన డిగ్రీ కూడా మూడేళ్లే. వారికి ఆ మూడేళ్లూ అనుదిన భోజనం రాజు ఏర్పాటు చేశాడు. అన్యరాజుకే ఆ మాత్రం తెలిస్తే, సంఘంగా మనకు తెలియవద్దా?

కాబట్టి మేము అడిగేది ఇది. ఈసారి దోస్త్ మొదలవగానే, ఆదివారం ఆరాధన తర్వాత డిగ్రీ చదివిన మన యవ్వనస్థులు మందిరంలో కూర్చోవాలి. ఊళ్లో ఏ ఇంటి బిడ్డ వచ్చినా, తల్లిదండ్రుల ఎదుటే ఆప్షన్లు పెట్టించాలి. రిజిస్ట్రేషన్‌కు కట్టే 200 రూపాయలు లేనివారికి కానుకల నుండి ఇద్దాము. బస్సు కోసం డిపో మేనేజరుకు ఊరంతా సంతకాలు చేసి అర్జీ పెడదాము.

సంబంధాల కోసం ఇక ముందు కూడా ప్రార్థిస్తాము. కాని ముందుగా, "బిడ్డా, ఏ కాలేజీలో చేరుతున్నావు?" అని అడుగుతాము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.