పరాయి ఉత్తరాలకు మన గేటు

2003 వేసవిలో ఒక సోమవారం పొద్దున్నే ఫోను మోగింది. సికింద్రాబాద్ కార్ఖానాలో చిన్న ఆఫీసు నడుపుతున్న మిత్రుడు. "గురూ, మెయిల్స్ పోవడం లేదు. పంపినవి పంపినట్టే తిరిగొస్తున్నాయి. ఒక్కసారి రావా" అన్నాడు. గొంతులో కంగారు తెలిసిపోతోంది. ఉండదూ మరి! అమెరికాలో ముగ్గురు డాక్టర్లకు బిల్లుల లెక్కలు రాసిపెట్టడం అతని పని. పదిమంది కుర్రాళ్లు రాత్రంతా కూర్చుని చేసిన పని తెల్లారేసరికి మెయిల్లో అవతలికి చేరాలి. చేరకపోతే డబ్బు లేదు.

జూబ్లీ బస్ స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్లే రోడ్డు మీద, ఓ మందుల షాపు పైన అతని ఆఫీసు. మూలన బల్ల కింద పాత పెంటియం డబ్బా. అందులో లైనక్స్, దాని మీద సెండ్‌మెయిల్. అదే వాళ్ల మెయిల్ సర్వర్. రాత్రి షిఫ్టు వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. అయినా హార్డ్ డిస్కు దీపం రెప్ప వేయకుండా వెలుగుతోంది. ఎవరి కోసం పని చేస్తోందబ్బా అని క్యూ తెరిచి చూశాం. పంపడానికి వరసలో ఉన్న ఉత్తరాలు లక్షకు పైనే! బరువు తగ్గించే మాత్రలు, ఇట్టే దొరికే అప్పులు, ఇంకా ఇక్కడ రాయలేనివి. వాటిలో మా వాడు రాసింది ఒక్కటీ లేదు. కార్ఖానా అంటే పని జరిగే చోటు అని కదా అర్థం. ఆ వారాంతం కార్ఖానాలో ఇంకో కార్ఖానా నడిచింది, యజమానికి తెలియకుండా.

జరిగిందేమిటంటే, మా వాడు ఇంటి నుంచి డయలప్ కనెక్షన్‌తో ఆఫీసు మెయిల్ పంపాలనుకున్నాడు. సర్వరేమో "నువ్వెవరో నాకు తెలీదు, నీ ఉత్తరం మోయను" అంది. డయలప్‌లో కలిసిన ప్రతిసారీ ఐపీ అడ్రసు మారిపోతుంది కాబట్టి ఫలానా అడ్రసును అనుమతించు అని చెప్పడం కుదరదు. లైనక్స్ చూసే కుర్రాడు సులువైన దారి పట్టాడు. ఎవరొచ్చినా సరే, ఎక్కడికైనా సరే పంపించెయ్ అని ఒక్క లైను రాశాడు. సెండ్‌మెయిల్‌లో ఆ ఏర్పాటు పేరు 'ప్రామిస్క్యువస్ రిలే'. విచ్చలవిడి అని పేరులోనే ఉంది, అయినా పెట్టాడు. శుక్రవారం సాయంత్రం పని అయిపోయిందనుకున్నారు. ఇలా తెరిచి ఉన్న సర్వర్ల కోసం నెట్‌లో గాలిస్తూ తిరిగే ప్రోగ్రాములుంటాయి. శనివారం రాత్రికల్లా వాటికి ఇది దొరికిపోయింది.

అపార్టుమెంటు వాచ్‌మన్‌ని తలచుకుంటే ఈ వ్యవహారం ఇట్టే అర్థమవుతుంది. అతను గేటు మూసేసి కూర్చోలేడు, మనకోసం వచ్చేవాళ్లను రానివ్వాలి కదా. మెయిల్ సర్వర్ కూడా అంతే. లోకంలో ఎవరైనా మనకు ఉత్తరం రాయాలంటే 25వ నంబరు పోర్టు అందరికీ తెరిచే ఉంచాలి. అందుకే వాచ్‌మన్ రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఎవరి మనిషివి? ఎవరింటికి? రెంటిలో ఒకదానికైనా జవాబు 'ఈ అపార్టుమెంటే' అయితే సరే. బయటివాడు బయటివాడి దగ్గరకు మన మెట్ల మీదుగా పోతానంటే మాత్రం కుదరదు. అలా పోనిచ్చే సర్వర్‌నే ఓపెన్ రిలే అంటారు.

పాపం, ఒకప్పుడు అదేం తప్పు కాదు. జోనాథన్ పోస్టెల్ 1982లో ఎస్‌ఎమ్‌టీపీ నియమాలు రాసిన నాటికి నెట్‌లో ఉన్నవి కొద్దిపాటి యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. పట్నం వెళ్లే మనిషి చేతికి ఊళ్లో నలుగురూ ఉత్తరాలిచ్చి పంపినట్టు, ఒక కంప్యూటర్ ఉత్తరాన్ని ఇంకో కంప్యూటర్ మోసుకెళ్లేది. అది మర్యాద. ఆ మర్యాదను వ్యాపారులు వాడుకోవడం మొదలయ్యాక, 1997లో పాల్ విక్సీ వాళ్లు చెత్త పంపే సర్వర్ల నల్లజాబితా తయారుచేశారు. దాన్ని నడిపిన సంస్థ పేరు మాప్స్. ఇంగ్లిషు అక్షరాలను వెనక నుంచి చదివితే స్పామ్! 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 నుంచి పరాయి ఉత్తరాలు మోయకపోవడమే మామూలు పద్ధతి అయింది. అంటే మా వాడి సర్వర్ కంపెనీ నుంచి తలుపు వేసుకునే వచ్చింది. గడియ తీసింది మనమే.

క్యూలో చెత్త అంతా తుడిచి, ఆ లైను కొట్టేశాం. మరి ఇంటి నుంచి మెయిల్ ఎలా? "మన డొమైన్ పేరుతో వచ్చిన ఉత్తరమైతే పంపించేలా పెడదాం సార్" అన్నాడు కుర్రాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఉత్తరం మీద 'ఫ్రమ్' అడ్రసు రాసేది పంపేవాడే. నేను ఫలానా ఇంటివాణ్ని అని నోటితో అంటే గేటు తీసేస్తామా? గుర్తింపు కార్డు అడగాలి. ఆ కార్డే యూజర్ నేమ్, పాస్‌వర్డు. అది పెట్టాం.

ఇదంతా గంటన్నర పని. నల్లజాబితాల నుంచి పేరు తీయించుకోవడమే గగనమైంది. కొన్ని జాబితాలవాళ్లు మళ్లీ పరీక్షించి, తలుపు మూసి ఉందని చూసి మర్నాటికి తీసేశారు. కొందరు మెయిల్ కంపెనీలవాళ్లకు సొంత జాబితాలున్నాయి. వాళ్లను ఎవర్ని అడగాలో, ఎలా అడగాలో తెలియలేదు. నాలుగు రోజులు మా వాడు బావమరిది యాహూ అడ్రసు నుంచి ఫైళ్లు పంపాడు. ఒక డాక్టరుగారికి అది నచ్చలేదు. రోగుల లెక్కలు ఎవరిదో అడ్రసు నుంచి వస్తే ఎవరికి మాత్రం నచ్చుతుంది? ఆయన పని ఇంకొకరికి ఇచ్చేశారు. దాంతో రాత్రి షిఫ్టులో ముగ్గురు కుర్రాళ్ల ఉద్యోగాలు పోయాయి.

ఇప్పుడు చాలా ఆఫీసులు మెయిల్‌ను పెద్ద కంపెనీలకే అప్పగించేశాయి. అయినా అద్దె సర్వర్ తీసుకుని పోస్ట్‌ఫిక్స్ పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకోసం చెప్తున్నా. వాచ్‌మన్ ప్రశ్నలు అందులో మూడు మాటల్లో ఉంటాయి. పర్మిట్ మైనెట్‌వర్క్స్, అంటే మన ఇంటివాళ్లు. పర్మిట్ సాసల్ ఆథెంటికేటెడ్, అంటే కార్డు చూపించినవాళ్లు. చివరిది రిజెక్ట్ అనాథ్ డెస్టినేషన్. ఈ 'అనాథ్' ఇంగ్లిషు మాటే గానీ, తెలుగులో చదివినా అర్థం కుదిరింది. పంపేవాడూ మనవాడు కాక, అందుకునేవాడూ మనవాడు కాని ఉత్తరం అనాథే కదా! ఆ మూడోది లేకుండా సర్వర్ నడపకూడదు.

ఇప్పటివాళ్లు బోల్తాపడేది మొదటి దగ్గర. స్కానర్ నుంచి మెయిల్ పోవడం లేదని 'మైనెట్‌వర్క్స్'లో ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం రాసేస్తారు. వచ్చిపోయేవాళ్లకిచ్చే వైఫై కూడా అందులోనే ఉంటుంది. అక్కడ స్కానర్ అడ్రసు ఒక్కటి రాస్తే చాలు. మన వాళ్లు పంపే ఉత్తరాలకు 587 లేదా 465 పోర్టు వేరుగా పెట్టి, పాస్‌వర్డు లేనిదే కదలనివ్వకూడదు. గంటకు ఇన్ని ఉత్తరాలే అని ఒక్కొక్కరికి హద్దు కూడా పెట్టండి. ఈ రోజుల్లో దొంగలు తెరిచిన తలుపుల కంటే పోయిన తాళంచెవుల కోసం ఎక్కువ వెతుకుతున్నారు. ఆఫీసు పేరు, పక్కన 123 పెట్టుకున్న గుమాస్తా పాస్‌వర్డు ఒక్కటి దొరికితే, గేటు ఎంత గట్టిదైనా దొంగ దర్జాగా లోపలికొచ్చేస్తాడు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ పెట్టాం, ఇక భయం లేదంటారు కొందరు. అవి మన పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడతాయి. 2024 నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్లకు ఆ మూడూ తప్పనిసరి కూడా. కానీ దొంగ మన సర్వర్‌లోంచే, మన పేరుతోనే పంపుతుంటే? చెత్త ఉత్తరం మీద మనమే ముద్ర వేసిచ్చినట్టవుతుంది.

సర్వర్ పెట్టాక ఒక పరీక్ష చేసుకోండి. పాస్‌వర్డు ఇవ్వకుండా, మనది కాని ఒక అడ్రసు నుంచి మనది కాని ఇంకో అడ్రసుకు మన సర్వర్ ద్వారా ఉత్తరం పంపబోయి చూడండి. 554 నంబరుతో 'రిలే యాక్సెస్ డినైడ్' అని రావాలి. ఈ పరీక్ష ఆఫీసులో కూర్చుని చేయకూడదు. అక్కడ మీరు ఇంటివాళ్లు, అడక్కుండానే పంపేస్తుంది. మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చి, సొంత ఫోను డేటాతో ల్యాప్‌టాప్ కలిపి చేయండి. అప్పట్లో ఫోన్లో నెట్ ఎక్కడిది? మేము కార్ఖానా రోడ్డు మీద ఇంటర్నెట్ కేఫ్‌లో గంటకు ఇరవై రూపాయలిచ్చి చేశాం.