పార్కుల్లో పహరా ఎవరి రక్షణకు?

ఇరుకు ఇళ్లలో కాపురముండే నగరవాసికి కాస్త ఊపిరి సలిపే జాగా పార్కు ఒక్కటే. ఇల్లు దాటి నాలుగు మాటలు చెప్పుకోవడానికి మరో చోటు దొరకని యువతీయువకులకూ అదే ఆసరా. అక్కడ గొలుసు దొంగల బెడద, ఆడపిల్లల వెంటపడే ఆకతాయిల వేధింపులు ఉన్నమాట వాస్తవం. కనుక పార్కుల్లో పోలీసు గస్తీ అవసరమా అన్నది వివాదాంశం కాదు. ఆ గస్తీ ఎవరిని కాపాడుతోంది, ఎవరిని బెదిరిస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

2005 డిసెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ పోలీసులు 'ఆపరేషన్ మజ్ను' పేరిట నగరంలోని ఒక పార్కుపై దాడి చేశారు. పోకిరీల ఆట కట్టించడం ప్రకటిత లక్ష్యం. జరిగింది వేరు. జంటలుగా కూర్చున్నవారిని మహిళా పోలీసులు టెలివిజన్ కెమెరాల ఎదుటే చెంపలు వాయించారు. ఆ దృశ్యాలు దేశమంతటా ప్రసారమై, నిరసన వెల్లువెత్తిన మీదట కొందరు పోలీసులను సస్పెండ్ చేశారు.

పన్నెండేళ్లు తిరగకముందే, 2017 మార్చిలో, అదే రాష్ట్రంలో యోగి ఆదిత్యనాథ్ ప్రభుత్వం 'యాంటీ రోమియో' దళాలను రంగంలోకి దింపింది. వేధించేవారితోపాటు ఇష్టపూర్వకంగా కలిసి తిరిగేవారినీ నిలదీస్తున్నారన్న ఆరోపణలు తొలి రోజుల్లోనే వచ్చాయి. గుండ్లు గీయించడం వంటి శిక్షలు కూడదని పోలీసు ఉన్నతాధికారులే ఆదేశాలివ్వవలసి వచ్చింది. నేర నివారణ చర్యగా ఈ దళాలను అలహాబాద్ హైకోర్టు లక్నో ధర్మాసనం సమర్థించింది. అయితే అవి చట్టానికి లోబడి పనిచేయాలన్న షరతు అందులోనే ఉంది.

చిక్కంతా ఆ చట్టం వద్దే వస్తున్నది. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు చీకాకు కలిగించేలా అసభ్య చర్యకు పాల్పడితే మూడు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చు. భారతీయ శిక్షాస్మృతి 294వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. అసభ్య చర్య అంటే ఏమిటో సెక్షన్ వివరించదు. ఆ ఖాళీని బీటు కానిస్టేబుల్ తన సొంత అభిప్రాయాలతో పూరించుకుంటున్నాడు. బహిరంగంగా ముద్దు పెట్టుకున్నారంటూ ఒక యువ దంపతులపై పెట్టిన కేసును 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. పోలీసులు నైతిక కాపలాదారులుగా వ్యవహరించనవసరం లేదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు విస్పష్టంగా పేర్కొన్నది. రాత్రివేళ ఒక జంటను అటకాయించి, వారి నుంచి చేతిగడియారం తీసుకున్న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళ కానిస్టేబుల్ కేసులో చెప్పిన మాట అది.

ఆ చేతిగడియారంలోనే సమస్య సారాంశమంతా ఉంది. ఇలాంటి సందర్భాల్లో కేసు పెట్టడంకన్నా, ఇంటికి ఫోన్ చేస్తామన్న బెదిరింపే బలంగా పనిచేస్తుంది. పరువుకు జడిసి జేబులో ఉన్నది సమర్పించుకునేవారు ఫిర్యాదు చేయరు. పోలీసులమని చెప్పుకుని దోచుకునేవారికీ ఈ భయమే పెట్టుబడి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. నిజంగా వేధింపుకు గురైన యువతి పోలీసును ఆశ్రయించడానికి వెనుకాడుతుంది. 'నువ్వక్కడ ఏం చేస్తున్నావు?' అన్నదే తనకెదురయ్యే తొలి ప్రశ్న అని ఆమెకు తెలుసు. ఆమె మౌనం నేరస్థుడికి రక్షణ కవచమవుతుంది.

దీనికి భిన్నమైన మార్గం లేకపోలేదు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ మఫ్టీలో సంచరిస్తూ, వేధించేవారి చేష్టలను రహస్య కెమెరాలతో చిత్రీకరించి సాక్ష్యంగా చూపాయి. ఫోన్, వాట్సాప్ ద్వారా ఫిర్యాదు చేసే వీలు కల్పించాయి. ఇక్కడ దృష్టి జంటపై కాదు, వేధించేవాడిపై. అయినా అదే నగరంలో 2021 ఆగస్టులో ఇందిరా పార్కు యాజమాన్యం పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదంటూ బ్యానర్ కట్టింది. విమర్శలు రాగానే దాన్ని తొలగించారు. పోలీసు పద్ధతి మారినంత మాత్రాన పాత ఆలోచన పోదని ఈ ఉదంతం చాటుతోంది.

పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోనిది గనుక చొరవ రాష్ట్రాలదే. గస్తీ సిబ్బంది పేరు పట్టీ ధరించడం, ఫిర్యాదో కంటికి కనిపించే వేధింపో లేనిదే మేజర్లను ప్రశ్నించకపోవడం, వారి ఇళ్లకు ఫోన్ చేయకపోవడం వంటి నియమాలకు పెద్ద ఖర్చేమీ కాదు. పోలీసులపై ఫిర్యాదుల విచారణకు ప్రత్యేక ప్రాధికార సంస్థలను రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో ఏర్పాటు చేయాలని 2006లో ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం చాలా రాష్ట్రాల్లో అరకొరగానే అమలైంది. గస్తీ తిరిగే పోలీసు తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలో పౌరుడికి తెలియనంతకాలం, పార్కులో ఎంతమంది పోలీసులున్నా అక్కడ భద్రత ఉన్నట్టు కాదు.