బాయికున్న కట్టుబాటు బాలికకు లేదా?

గోదావరిఖనిలో పుట్టిన మాకు షిఫ్టు సైరనే గడియారం. మా నాయన ముప్పై ఏండ్లు బాయి పని చేశారు. "దిగేముందు సర్దార్ కప్పు తట్టి చూస్తడు బిడ్డా. మోత తేడా కొడితే ఎవ్వడూ లోపలికి పోడు" అని ఎన్నోసార్లు చెప్పేవారు. ఆ మాట నాకు ఆటస్థలంలోనే ఎక్కువగా గుర్తుకొస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి మా ఆడపిల్లలచేత పల్టీలు కొట్టించారు. గట్టినేల, పైన రెండు గోనెపట్టాలు. నా పక్కపిల్ల మణికట్టు వాచింది. "ఏంగాదు, బామ్ రాసుకో" అన్నారు. పదిరోజులు ఆ చేతిమీదే పల్టీలు కొట్టింది. ఈనాటికీ ఆ చేత్తో నిండుబిందె ఎత్తలేదు. మాలో పల్టీలంటే ప్రాణం పెట్టింది ఆ పిల్లే!

అందుకని జిమ్నాస్టిక్స్ వద్దంటానా? అనను. కరాటేతో మొదలుపెట్టి, హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో జిమ్నాస్టిక్స్ నేర్చిన బుడ్డా అరుణారెడ్డి 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ అంశంలో కాంస్యం గెలిచింది. ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం పొందిన మొదటి భారతీయురాలు మన తెలుగమ్మాయి. అటువంటి అవకాశం కార్మికుని బిడ్డకూ రావాలి. అయితే ఎలా రావాలన్నదే ప్రశ్న.

మా నాయన బాయికి పోయిన రోజుల్లో అమల్లో ఉన్నది 1952 నాటి గనుల చట్టం. భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని అందులో రాసి ఉంది. పద్దెనిమిది నిండనివారిని పనిలో పెట్టరాదని తరువాత చేర్చారు. మరి ఏడేళ్ల పాప రోజుకు ఎన్ని గంటలు దూకుతుందో లెక్కగట్టేవారెవరు?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ల నాదియా కొమనెచి పదికి పది తెచ్చుకుంది. ఆ తరువాత పసితనమే పతకానికి దారి అన్న భావం ప్రబలింది. చివరకు 1997 నుండి సీనియర్ పోటీలకు కనీస వయస్సు పదహారు చేయవలసివచ్చింది. 2018 జనవరిలో అమెరికా జట్టు వైద్యుడు లారీ నాసర్ చేసిన లైంగిక అత్యాచారాలపై నూటయాభై మందికి పైగా స్త్రీలు కోర్టులో నోరువిప్పారు. 2022లో వెలువడిన బ్రిటన్ విచారణ నివేదిక గాయాలతోనే సాధన చేయించడాన్నీ, బరువు పేరిట అవమానించడాన్నీ బయటపెట్టింది. అన్ని వసతులున్న దేశాల్లోనే ఇలా జరిగితే, గోనెపట్టాల మీద దూకే మన పిల్లల గతేమిటి?

ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తటి పొర ఉంటుంది. ఎముక సాగేది అక్కడే. మణికట్టు మీద పదేపదే బరువు పడితే అది దెబ్బతింటుంది. కడుపు మాడ్చి సాధన చేయిస్తే నెలసరి ఆలస్యమవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇదంతా నొప్పి ముదిరినదాకా పైకి కనిపించదు. బాయికప్పులో బీట కూడా అంతే కదా!

"ఇన్ని నియమాలు పెడితే పతకాలు వచ్చినట్టే" అని కొందరు నవ్వవచ్చు. పతకం గెలిచేనాటికి అరుణ వయస్సు ఇరవై రెండు. త్రిపుర బిడ్డ దీపా కర్మాకర్ 2024లో ఆసియా స్వర్ణం గెలిచినప్పుడు ముప్పై. పిల్లను తొందరపెట్టకుండా కాపాడుకుంటే ఆమె ఎక్కువకాలం ఆడగలుగుతుంది.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి. ఈ బొగ్గుబెల్టులో బాలికలకు జిమ్నాస్టిక్స్ శిక్షణ కావాలని సింగరేణి యాజమాన్యాన్నీ, ప్రభుత్వాన్నీ అడుగుదాం. అడిగేటప్పుడే నాలుగు షరతులు పెడదాం. మందపాటి మ్యాట్లు వచ్చాకే పల్టీలు మొదలుకావాలి. సాధన గంటలు బోర్డు మీద రాయాలి. గాయపడిన పిల్ల మళ్లీ ఎప్పుడు దూకాలో కోచ్ కాక డాక్టరు చెప్పాలి. తల్లి వచ్చి కూర్చుని చూస్తానంటే ఏ తలుపూ మూయరాదు.

కప్పు తట్టిచూడందే మగవాణ్ణి లోపలికి పంపని ఊరు మనది. ఏడేళ్ల పిల్లను దూకమనేముందు కిందినేలను తట్టిచూడలేమా?