ఓడిన వాదనా పాఠమే

అమెరికాలోని పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అని ఒక బొగ్గుగనుల ఊరు. 1935లో అక్కడి బడిలో 12 ఏళ్ల అక్క, 10 ఏళ్ల తమ్ముడు జెండాకు వందనం చేసేది లేదన్నారు. యెహోవా సాక్షుల కుటుంబం వాళ్లది. దేవుడికి తప్ప మరి దేనికీ మొక్కకూడదని నమ్మకం. బడి వాళ్లను వెళ్లగొట్టింది. 1940లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో బడిదే న్యాయమంది. మూడేళ్లకు వెస్ట్ వర్జీనియా నుంచి అలాంటి కేసే వస్తే, అదే కోర్టు 6-3 తేడాతో తన తీర్పును తానే కొట్టేసింది.

ఈ జంట కేసులను అక్కడి హైస్కూలు టీచర్లు నడిపే పద్ధతి ఒకటుంది. ముందు ఫలితం చెప్పరు. జరిగిన సంగతులు మాత్రం ఒక కాగితం మీద ఇస్తారు. తరగతిలో కొందరు బడి తరఫు లాయర్లు, కొందరు పిల్లల తరఫు లాయర్లు, మిగిలినవాళ్లు జడ్జీలు. కాగితంతో పాటు ఆనాటి తరగతిగది ఫొటో ఒకటి చూపించవచ్చు. అప్పట్లో అమెరికా పిల్లలు జెండా వైపు కుడిచెయ్యి బారుగా చాచి వందనం చేసేవారు. అది ఎవరి సెల్యూట్‌లా ఉందో టీచర్ నోరు విప్పక్కర్లేదు, ఎవరో ఒక పిల్ల చెప్పేస్తుంది. 1942 చివర్లో ఆ చెయ్యి గుండె మీదికి ఎందుకు మారిందో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

పిల్లలు తమ తీర్పు రాశాకే అసలు తీర్పు. 1940 తీర్పు తర్వాత ఊళ్లలో యెహోవా సాక్షులను పట్టుకుని కొట్టారు. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. 1943 నాటి ఆరుగురిలో ఇద్దరు కొత్తగా వచ్చిన జడ్జీలు, ఒకరు వెనకటి ఒంటరి అసమ్మతివాది స్టోన్. మిగతా ముగ్గురు మనసు మార్చుకున్నవాళ్లు. రాజ్యాంగంలో ఒక్క అక్షరమైనా మారలేదు కదా, మరి వీళ్లెందుకు మారినట్టు? పీరియడంతా ఈ ఒక్క ప్రశ్న మీదే గడిచినా నష్టం లేదు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి మెట్టు. ఓడిపోయిన జడ్జి రాసింది కూడా చదివిస్తారు. 1940 తీర్పు రాసిన ఫ్రాంక్‌ఫర్టర్ 1943లో ఓడి, అసమ్మతి రాశాడు. ఆయన వియన్నాలో పుట్టి వలస వచ్చిన యూదుడు. అల్పసంఖ్యాకుల బాధ తెలియనివాడేం కాదు. చట్టసభ చేయాల్సిన పనిని జడ్జీలు తమ నెత్తిన వేసుకోకూడదన్నది ఆయన వాదన. విలన్ కోసం వెతికిన పిల్లలకు విలన్ దొరకడు.

అక్కడి హైస్కూల్లో కాలేజీ స్థాయిలో చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) గవర్నమెంట్ కోర్సుకూ ఇదే పట్టింపు. అందులో తప్పనిసరిగా చదవాల్సిన 9 మూలపత్రాలలో ‘బ్రూటస్’ మారుపేరుతో 1787లో ఒకాయన రాసిన వ్యాసం ఉంది. రాజ్యాంగాన్ని ఆమోదించవద్దని, కేంద్రం రాష్ట్రాలను మింగేస్తుందని ఆయన గోల. రాజ్యాంగం వద్దన్నవాడి మాటనే రాజ్యాంగ పాఠంలో పెట్టారన్నమాట.

ఇంత చేసినా అక్కడి పిల్లలు ఘనాపాఠీలు అయిపోలేదు. 2022 జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతివాళ్లలో చరిత్రలో 13 శాతం, పౌరశాస్త్రంలో 22 శాతమే ‘ప్రావీణ్యం’ గీత దాటారు. జాతి వివక్ష గురించి తరగతిలో ఏం మాట్లాడాలో 2021 నుంచి కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసి మరీ కట్టడి చేస్తున్నాయి. బట్టీ కూడా ఉంది. అమెరికా పౌరసత్వం కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి 100 ప్రశ్నలు వల్లెవేసి, అడిగిన పదింటిలో ఆరు చెప్పి బయటపడుతూ వచ్చారు. డల్లాస్‌లో ఒకే ఇంట్లో నాన్న రాజ్యాంగ సవరణలు 27 అని అప్పజెబుతుంటే, కూతురు బ్రూటస్ మీద వ్యాసం రాస్తుండవచ్చు. ఈ రెండో పనే మనం తెచ్చుకోవాల్సింది. మొదటిది మన దగ్గర బోలెడుంది.

సరుకు కూడా బయటినుంచి రానక్కర్లేదు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి నిలబడ్డారు గానీ పాడలేదు. వాళ్లూ యెహోవా సాక్షులే. బడి వాళ్లను తీసేసింది, హైకోర్టు బడినే సమర్థించింది. 1986లో సుప్రీంకోర్టు పిల్లలను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి. నిలబడటం గౌరవమే కదా, పాడి తీరాలని ఏ చట్టం చెబుతోందని ఆయన చూశారు. పైన చెప్పిన అమెరికా కేసులనూ పరిశీలించారు.

మన సోషల్ పుస్తకాల్లో మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణ ఒక పేజీలో, జాతీయగీతాన్ని గౌరవించాలనే 51ఎ మరో పేజీలో ఉంటాయి. రెండూ బిట్లుగా వస్తాయి. ఆ రెండింటికీ తగువు పెట్టి చూసేవారు లేరు. అలాగే అంబేడ్కర్ 1948లో రాజ్యాంగసభలో పల్లెలను తీసిపారేస్తూ మాట్లాడితే, నిడుబ్రోలు ఎన్.జి. రంగా లేచి ఎదురు చెప్పారు. పంచాయతీల పాఠం దగ్గర ఆ రెండు ప్రసంగాలూ పక్కపక్కన పెడితే తరగతి నిద్రపోదు.

సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తామని సోషల్ మాస్టారు అడుగుతారు, సబబే. పబ్లిక్ పరీక్షలున్న పదో తరగతిని వదిలేయండి, తొమ్మిదిలో రెండు పీరియడ్లు చాలు. జాతీయగీతం మాటెత్తితే ఏ తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తారోనన్న బెదురు అంతకన్నా నిజం. అందుకే టీచర్ తన అభిప్రాయం చెప్పకుండా, సుప్రీంకోర్టు రికార్డులో ఉన్న సంగతులనే కాగితం మీద పెట్టాలి. కేరళ కేసు తీర్పు, దానికి ఎదురుగా బడి తరఫు వాదన, రెండూ తేలిక తెలుగులో నాలుగు పేజీలకు మించవు. ఏ విశ్రాంత న్యాయవాదిని అడిగినా రాసిపెడతారు.