వేసవి అల్లికకు ఊలు లెక్కలా?



మీ గత సంచికలో వేసవికని ఇచ్చిన చేతుల్లేని క్రోషియా టాప్ నమూనా తేలికే. కానీ ఊలుకు బదులు నూలు దారం వాడితే చాలనడం సరికాదు. ఊలు సాగినా మళ్లీ ముడుచుకుంటుంది, నూలుకు ఆ గుణం తక్కువ. పైగా నూలు బరువు. క్రోషియా అల్లికకు దారమూ ఎక్కువే పడుతుంది కదా, నాలుగుసార్లు తొడిగేసరికి మెడ జారి, అంచు కిందికి దిగుతుంది. ముందు జానెడు ముక్క అల్లి, ఉతికి, వేలాడదీసి, ఆరాక కొలవమని ఒక్క వాక్యమైనా రాయాల్సింది. ఆక్రిలిక్ దారమూ పనికొస్తుందన్నారు. అది చెమట పీల్చదు, మే నెలలో ఒంటికి అంటుకుపోతుంది.

అదే నరసాపురం క్రోషియా లేసు అయితే సన్నని నూలు పని. గొలుసు కుట్ల మధ్య ఖాళీల్లోంచి గాలి ఆడుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. వచ్చే సంచికలో అక్కడి స్త్రీల చేతే ఒక వేసవి నమూనా చెప్పించండి.

— ఒక పాఠకురాలు, భీమవరం