రెండు రూపాయల అగ్గిపెట్టె

ప్లాస్టికు తగ్గవలెను, పొగ తగ్గవలెను, రాబోవు తరములకు నేలయు నీరును మిగులవలెను అని లోకమంతయు ఘోషించుచున్నది. మంచి మాటే. ఆ మార్పు మన కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతమునకు ఏ రూపమున వచ్చుచున్నదో తెలియవలెనన్న, ఒక అగ్గిపెట్టె చేతికి తీసికొనిన చాలును.

అగ్గిపెట్టె మనకు బయటినుండి వచ్చిన విద్యయే. 1922లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు గార్లు కలకత్తా వెళ్లి ఈ పని నేర్చుకొని వచ్చి, శివకాశిలో ప్రారంభించిరి. పిదప అది సాత్తూరు, కోవిల్‌పట్టి వరకు అల్లుకొన్నది. వాన మొగము చూచి బ్రతికే నల్లరేగడి పల్లెలలో, పైరు ఎండిన యేడు కూడ పొయ్యి వెలిగినదంటే, అది ఆడవారు ఈ పనిచేసి తెచ్చిన కూలి చలువ. ఒకప్పుడు పసిపిల్లల చేతులు కూడ అందులో నలిగినవి; ఆ మాట దాచరాదు.

పుల్లకు పట్టించు మైనము రాతినూనె నుండి వచ్చును. ఎక్కడో నూనె ధర పెరిగిన, ఇక్కడ మైనము ధర పెరుగును. మైనముతో పాటు మందు సామానులు, అట్ట కూడ ప్రియమగుటచే, 14 ఏండ్లుగా రూపాయికి అమ్మిన పెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైనది.

గ్యాసుపొయ్యి వచ్చి అగ్గిపుల్ల వాడుక తగ్గినందుకు మాకు విచారము లేదు. మన తల్లుల కండ్లు పొగనుండి బయటపడినవి. మా బాధ వేరు. చైనా నుండి వచ్చి, వాడి పారవేయు ప్లాస్టికు లైటరు ఒక్కటి 20 అగ్గిపెట్టెల బేరము చెరచునని తయారీదారుల మొర. పుల్లకు చెట్టు కావలెను, నిజమే. కాని చెట్టును మరల నాటవచ్చును. పారవేసిన లైటరు మట్టిలో కలియునా?

20 రూపాయలకు లోబడిన లైటర్ల దిగుమతిని కేంద్ర ప్రభుత్వము 2023 జూనులో నిషేధించినది. 2024 అక్టోబరులో వాటి విడిభాగములను కూడ ఆపినది. సంతోషమే. కాని 2022 జూలై 1 నుండి నిషేధించిన ప్లాస్టికు వస్తువుల జాబితాలో స్ట్రా, చెంచా ఉన్నవి గాని లైటరు లేదు. ప్లాస్టికుపై ప్రపంచ ఒడంబడికకై 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందము లేకయే ముగిసినవి.

పెద్దల సభలు తేల్చువరకు మనము కాచుకొని కూర్చుండనేల? అంగడిలో లైటరు అడుగబోవు మన యువకులు, ఆ డబ్బు ఏ ఇంటికి చేరునో ఒక్క క్షణము తలచుకొందురు గాక. కూలిని, నేలను రెండింటిని నిలుపు మార్పే మార్పు. పుల్లను తోసి ప్లాస్టికును తెచ్చునది వెనుకడుగే.